గట్టిమేళం వెనుక

పెళ్లికి ముహూర్తం పెట్టేది పంతులుగారే అయినా, ఆ ముహూర్తాన్ని వీధంతటికీ వినిపించేది సన్నాయి మేళమే. వాళ్ల దగ్గర రాసుకున్న పాటల జాబితా ఉండదు. ఎదుర్కోలుకు నడక చూసి వాయిస్తారు, తలంబ్రాల వేళ నవ్వులకు తగ్గట్టు కాలం పెంచుతారు. అప్పగింతల్లో సన్నాయి తగ్గి మోగుతుంది, డోలు దాదాపు ఆగిపోతుంది. త్యాగరాజు "సీతాకల్యాణ" కృతి పక్కనే సినిమా పాట వచ్చినా అతుకు కనపడదు.

అన్నిటికన్నా గొప్పది గట్టిమేళం. తాళి చేతికి రాగానే పంతులుగారు చేయి ఎత్తుతారు. అప్పటిదాకా వాయిస్తున్న రాగం ఏదైనా వదిలేసి, డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఎగసిపడాలి. తుమ్ము, ఏడుపు, చెడ్డ మాట ఏదీ ఆ క్షణంలో చెవిన పడకూడదని పెద్దల నమ్మకం. మంత్రం వింటూ, ఒక కన్ను పంతులుగారి చేతి మీద పెట్టి, ఊపిరి బిగపట్టి ఉండటం ఎంత కష్టమో వాయించేవాళ్లకే తెలుసు.

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ ఈ సన్నాయితోనే పద్మశ్రీ అందుకున్నారు. మన పెళ్లి పందిళ్లలో ముస్లిం విద్వాంసుల సన్నాయి తరాలుగా మోగుతూనే ఉంది.

రిసెప్షన్‌కు డీజే పెట్టుకోండి, తప్పులేదు. ముహూర్తానికి మాత్రం మేళాన్ని పిలవండి. స్పీకర్లు ఆపించండి, వాళ్లకు వేళకు భోజనం పెట్టండి.