కట్ట కింది చిన్నకోడలు: చెరువు ఐతిహ్యాలపై ఒక పరిశీలన

కట్ట, తూము, గండి, పూడిక. గురుబరపల్లి చుట్టుపట్ల తెలుగు విద్యార్థులు ఈ మాటలకు నిఘంటువు చూడనక్కరలేదు. అందుచేత చెరువు కథలను విమర్శించే అర్హత వారికి ఎక్కువే అని మేము భావిస్తున్నాము.

పోలికకు ముందుగా ఒక దూరదేశపు కథ తీసుకుందాం. ఐర్లండులో లాఖ్ నే అనే పెద్ద సరస్సు ఉన్నది. మహిమగల బావికి మూత వేయడం దాని కాపలా స్త్రీ ఒకనాడు మరిచిందట. నీరు పొంగి రాజునూ పరివారాన్నీ ముంచి, సరస్సయింది. రాజు కూతురు లీ బాన్ సగం చేపగా మారి 300 ఏళ్లు ఆ నీటిలో బతికింది.

మన కథ వేరు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలుకుతుంది. ఆమె తానే వెళ్లి గండిలో నిలుస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ఈ కథనే 'ముసలమ్మ మరణము'గా పద్యాల్లో రచించారు. హోసూరు వారికి కన్నడమూ పరాయిది కాదు. అక్కడి 'కెరెగె హార' పాటలో నీరు పడని చెరువుకు బలి అయిన భాగీరథి కూడా చిన్నకోడలే.

సరస్సు తనంత తాను ఏర్పడినది. కనుక ఆ కథ నీరు ఎలా వచ్చిందో చెబుతుంది. చెరువు మనుషులు కట్టినది. కనుక మన కథ నీరు ఎలా నిలిచిందో చెబుతుంది. అక్కడ స్త్రీ మీద తప్పు పడింది, ఇక్కడ మూల్యం పడింది.

ఇది త్యాగమని చెప్పి ఊరుకుంటే విమర్శ కాదు. నీరు ఊరందరిదీ అయినప్పుడు వంతు చిన్నకోడలికే ఎందుకు వచ్చింది? పుట్టిల్లు విడిచి వచ్చినది, అత్తింట అందరికన్నా చిన్నది, కాదనే బలం లేనిది. ఆమె ఇష్టపడే వెళ్లిందని కథ పదేపదే చెప్పడంలోనే ఊరి మనసులోని కలత కనబడుతున్నదని మా అభిప్రాయం. కట్టను ఎవరు కాచారు, పూడిక ఎవరు తీశారు అని మాత్రం కథ అడగదు.

1937-38లో ఐర్లండు బడిపిల్లలు ఇంటి పెద్దలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి ఇటువంటి కథలను వేల నోటుపుస్తకాల్లో రాశారు. అవి నేటికీ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. తెలుగు బడిలో దొరకని చోట అవ్వ నోట దొరుకుతుంది. మీ ఊరి చెరువు కథను ఆమె మాటల్లోనే రాసుకోండి, పుస్తకభాషలోకి దిద్దవద్దు. బలి అయినది ఎవరని అడిగినప్పుడు, పంపినది ఎవరని కూడా అడగండి.