వేడికి వన్నె తేలే మదీరా

వైన్ మీద ఇష్టం కలిగినవాళ్లు మొదట నేర్చుకునే జాగ్రత్తలు రెండు: వేడి తగలనివ్వకూడదు, గాలి చొరనివ్వకూడదు. మదీరా దీవిలో ఈ రెంటినీ కావాలనే పిలుస్తారు. పీపాను నిండా నింపరు, ఏళ్ల తరబడి వేడి అటకమీదే ఉంచుతారు. మామూలు వైన్‌ను పాడుచేసే ఈ పద్ధతిలోనే మదీరా నూరేళ్లు దాటినా నిలిచే బలం తెచ్చుకుంటుంది. ఒక్క గ్లాసు తాగితే ఆ గొప్పతనం తెలియదు. వేర్వేరు వయసుల సీసాలు నాలుగు తెరిచి, స్నేహితులతో భోజనానికి కూర్చుని, పక్కపక్కన పెట్టుకుని రుచి చూడాలి.

మదీరా పోర్చుగల్‌కు చెందిన అగ్నిపర్వత ద్వీపం. మొరాకోకు పడమరగా అట్లాంటిక్‌లో ఉంది. నిటారు కొండవాలుల్లో మెట్లు మెట్లుగా తోటలు వేస్తారు. చాలాచోట్ల తీగలను పందిళ్ల మీదికి పాకిస్తారు. ఎగువ కొండల నీళ్లను లెవాడాలనే సన్నటి కాలవల్లో దించుకుంటారు. ఆ నేలా, ఆ సముద్రపు గాలీ కలిసి ద్రాక్షలో పులుపును తగ్గనివ్వవు. మదీరాకు ప్రాణం ఆ పులుపే. మాల్వాసియా అనే ద్రాక్షతో చేసిన ఎనభై ఏళ్ల మదీరా ఎంత తియ్యగా ఉన్నా మొహం మొత్తదు, గుటక దిగాక నోరు శుభ్రంగా ఉంటుంది. వయసు చూసి కాదు, పులుపు నిలిచిందా లేదా చూసి పాత వైన్‌ను మెచ్చుకోవాలని నాకు నేర్పింది మదీరాయే.

వేడి పెట్టే పద్ధతి ఓడల మీద పుట్టింది. ఇండియాకూ అమెరికాలకూ వెళ్లే ఓడలు దీవిలోని ఫుంచల్ రేవులో ఆగి పీపాలు ఎక్కించుకునేవి. దారిలో చెడకుండా వైన్‌లో సారా కలపడం పద్దెనిమిదో శతాబ్దంలో అలవాటైంది. ఉష్ణమండలపు ఎండలో, ఓడ అడుగున నెలల తరబడి ఉడికిన పీపాలు తిరిగొచ్చి చూస్తే రుచి పెరిగింది. దాంతో సముద్రం చుట్టి రావడానికే పీపాలను పంపేవారు. ఇండియా దాకా వెళ్లొచ్చిన వైన్‌కు ఇంగ్లండులో ఎక్కువ ధర పలికేది. మద్రాసులో, కలకత్తాలో కంపెనీ దొరల విందుల్లోనూ మదీరా ధారాళంగా పారింది.

ఓడ చేసిన పనిని ఇప్పుడు రెండు రకాలుగా చేస్తున్నారు. చవక రకాన్ని స్టీలు ట్యాంకుల్లో 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. ఇది ఎస్తుఫాజెం. వంటకు, తొలి పరిచయానికి బాగానే ఉంటుంది. విందుకు మాత్రం కాంతెయిరో వైన్లే తేవాలంటాను. ఎండకు కాగే మిద్దెల్లో, దూలాల మీద పేర్చిన పీపాల్లో వీటిని కనీసం రెండేళ్లు, మంచివాటిని పదుల ఏళ్లు ఉంచుతారు. ఏటా కొంత ఆవిరైపోతుంది. మిగిలినదాంట్లో పులుపూ తీపీ చిక్కబడతాయి. నిదానంగా తగిలే ఆ వేడికీ గాలికీ సోటోలాన్ అనే పదార్థం పెరుగుతుంది. మన మెంతుల వాసనకు మూలమైన పదార్థం కూడా అదే. అందుకే పాత మదీరా గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్న తెలుగువాళ్లకు ఆ పరిమళం ఎక్కడో ఎరిగినట్టే ఉంటుంది.

వడ్డించే వరస ద్రాక్ష రకాన్ని బట్టి ఉంటుంది. పులియడాన్ని ఎప్పుడు ఆపారన్నది ఇక్కడ కీలకం. 96 శాతం ద్రాక్ష సారా పోయగానే పులియడం ఆగిపోతుంది, అప్పటికి పులియని చక్కెర అలాగే ఉండిపోతుంది. సెర్సియల్‌లో సారాను ఆలస్యంగా పోస్తారు కాబట్టి తీపి తక్కువ. కొంచెం చల్లబరిచి, ఉప్పు బాదంపప్పుతోనో ఆలివ్‌లతోనో భోజనానికి ముందు ఇస్తారు. వెర్డెల్హో పల్చటి సూప్‌కు, పుట్టగొడుగులకు నప్పుతుంది. బోవాల్‌కు గట్టి చీజ్ తోడు. అన్నిటికన్నా తియ్యనిది మాల్వాసియా. దాన్ని బోలో దె మెల్ అనే దీవి కేకుతో చివర్లో తాగుతారు. చెరకు పాకం, మసాలా దినుసులు వేసి చేసే కేకు అది. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు చాలు, ఆల్కహాల్ 17 నుంచి 22 శాతం దాకా ఉంటుంది కదా. ఖాళీ చేసి ఇంకోటి పోయించుకోవద్దు. నాలుగు గ్లాసులూ ముందే ఉండాలి. మాల్వాసియా తాగాక మళ్లీ సెర్సియల్ వైపు వెళ్లినప్పుడు, మొదట కరుకుగా తోచిన ఆ పులుపులో నారింజ తొక్క, ఉప్పు, వేయించిన గింజల రుచి విడివిడిగా తెలుస్తాయి. ఒకరు చెప్పిన వాసనను పక్కవాళ్లు వెతుక్కుంటారు. నాలుగు ముక్కులు కలిస్తే ఒక ముక్కుకు అందనివి దొరుకుతాయి.

సీసా మీద 10, 20 అన్న అంకె కలగలుపు వైన్ల వయసును సూచిస్తుంది. ఫ్రాస్కెయిరా అని ఉంటే ఒకే ఏటి పంట, కనీసం 20 ఏళ్లు పీపాలో ఉన్నది. అలాంటి పాత సీసాలో చాలాకాలం బిగుసుకుపోయిన వైన్ మొదట మూసుకుపోయినట్టు, దుర్వాసనగా ఉంటుంది. ముందే తెరిచి గాజుకూజాలోకి వంపాలి, గంటలు కాదు, రోజుల ముందు. అప్పుడు కూడా ముక్కుకు ఘాటుగా తగిలే ఒక పుల్లటి చురుకు ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని లోపమనుకుంటారు. హద్దులో ఉన్నంతవరకు ఆ చురుకే మిగతా పరిమళాలను పైకి లేపుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో బూడిద తెగులు, 1872లో ఫిల్లోక్సెరా పురుగు ఈ తోటలను ఊడ్చేశాయి. తర్వాత ఎక్కువ దిగుబడి ఇచ్చే తింతా నెగ్రా అనే ద్రాక్ష విస్తరించింది. ఇప్పుడు తయారయ్యే మదీరాలో ఎక్కువ భాగం దానిదే. దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. కాంతెయిరోలో ఓపిగ్గా పెంచిన తింతా నెగ్రా ఒక సీసా బల్లమీద ఉంటే నాలుగు రకాల మధ్య తేడా ఇంకా బాగా అర్థమవుతుంది.

మన ఇళ్లలో ఈ విందు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కారం దట్టించిన కూరలతో మదీరా వద్దు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, రుచి తెలియదు. సెర్సియల్‌కు ఉప్పు చల్లి వేయించిన పలాస జీడిపప్పు చక్కగా సరిపోతుంది. మాల్వాసియాకు నువ్వులద్దిన అరిసెలు పెట్టండి. బెల్లం, నువ్వులు, నెయ్యి మూడూ ఆ వైన్‌లోని తీపితో కలుస్తాయి, పులుపు వాటి జిడ్డును కోస్తుంది. మిగిలిన సీసాలకు బిరడా పెట్టి నిలువుగా ఉంచితే నెలల తరబడి చెడవు. వేడినీ గాలినీ తట్టుకుని వచ్చిన వైన్‌కు తెరిచిన సీసా పెద్ద లెక్క కాదు. అవే సీసాలు వచ్చే విందుకూ పనికొస్తాయి. వాటి పక్కన టెరాంటెజ్ అనే అరుదైన ద్రాక్షతో చేసిన సీసా ఒకటి దొరికితే చేర్చండి.