తలనొప్పి సీసా: అమ్మకపు నేర్పు

వస్తువును పొగడటం వేరు, అమ్మటం వేరు. పొగడటానికి మాటలు చాలు. అమ్మాలంటే ఎదుటివాడి అవసరం తెలియాలి, ఆ అవసరం అతనికి గుర్తుకు వచ్చే ఘడియ కూడా తెలియాలి. కావ్యాన్నీ నాటకాన్నీ విమర్శించినట్లే ఈ నేర్పునూ విమర్శించవచ్చునని మా అభిప్రాయం. పుస్తకం చదవని ఇల్లు ఉండవచ్చు గాని, ప్రకటన చేరని ఇల్లు లేదు. అందుచేత ఈసారి పుస్తకానికి బదులు ఒక చిన్న గాజు సీసాను సమీక్షకు తీసుకుంటున్నాము. అది అమృతాంజనం సీసా.

దీనిని మన సభ్యులకు పరిచయం చేయనక్కరలేదు. సెలవుకు వెళ్ళి వచ్చినవారి పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, వడియాల నడుమ ఇదీ దిగుతుంది. సిత్రాలో కార్మికులు ఉండే వసతుల దగ్గర కోల్డ్ స్టోరుకు వెళ్ళినా, డబ్బు పెట్టె పక్కన ఏదో ఒక తలనొప్పి బామ్ కనబడుతుంది. అంగడివాడు నోరు విప్పనక్కరలేదు. రోజంతా ఎండలో పనిచేసి వచ్చినవాడు చిల్లర కోసం చెయ్యి చాపే చోటనే సీసా ఉంటుంది. అది ఉన్న చోటే సగం అమ్మకం.

ఈ సీసా చరిత్ర మన భాష చరిత్రతో ముడిపడి ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయి చేరి, మందుల వ్యాపారంలో మెలకువలు నేర్చుకుని, 1893లో అమృతాంజనం ప్రారంభించారు. అప్పటికి ఆస్పిరిన్ బిళ్ళ ఇంకా బజారుకు రాలేదు. బేయర్ కంపెనీ దానికి ఆ పేరు పెట్టింది 1899లో. తలనొప్పి వచ్చిన సామాన్యుడికి శొంఠి పట్టు, తడిగుడ్డ, నిద్ర తప్ప వేరే దారి తక్కువ. అంటే అవసరం ముందే ఉన్నది. పంతులుగారు దానిని కల్పించలేదు. అమ్మకపు నేర్పును తూచేటప్పుడు మేము మొదట చూసే గుణం ఇదే.

రెండవది పేరు. అమృతం, అంజనం రెండూ మన ఇంటి మాటలే. పోయిన వస్తువు ఎక్కడున్నదో తెలియాలంటే అంజనం వేసి చూసే అలవాటు కూడా మనకు ఉండేది. ఆ మాటలో కొంత మహిమ ముందే ఇమిడి ఉన్నది. కొత్త మందుకు పాత పేరు పెట్టడం వలన కొనేవాడికి జంకు పోయింది. ఇది మంచి కవి చేసే పనే. అయితే అమృతం అన్న మాటలో కొంత అతిశయోక్తి ఉన్నదని కూడా చెప్పాలి. కవికి చెల్లే అతిశయోక్తి మందుకు ఎంతవరకు చెల్లుతుందన్నదే మా ప్రశ్న.

మూడవది, అన్నిటికంటే గొప్పది, ఉచితంగా పంచటం. పంతులుగారు మొదటి రోజుల్లో సంగీత సభలకు వచ్చినవారికి ఈ మందు ఊరకే పంచిపెట్టారని ప్రసిద్ధి. ఇందులోని తెలివిని గమనించండి. సభకు వచ్చినవారు తీరికగా కూర్చుంటారు. పక్కవాడు రాసుకుంటే ఆ వాసన వరుస అంతా తెలుస్తుంది. రాసుకున్న నిమిషంలో నుదురు చల్లబడినట్లు ఉంటుంది. ఉపన్యాసంతో పని లేదు, సాక్ష్యం కొనేవాడి చర్మం మీదనే ఉన్నది. ఇంటికి వెళ్ళాక నలుగురికి చెప్పేదీ అతడే.

ఈ నేర్పు మన ఒక్కరిదే కాదు. టైగర్ బామ్‌ను ఆగ్నేయాసియా అంతటా వ్యాపింపజేసిన ఆ బూన్ హా పులి తల అమర్చిన కారులో ఊరూరా తిరిగాడు. ఆయన 1929లో సింగపూరులో చైనా భాషా పత్రిక కూడా స్థాపించాడు. మన పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా నడిపారు, 1924లో భారతిని వెలువరించారు. నుదుటికి రాసుకున్న మందు లాభంతో తెలుగువాడు వార్తలూ సాహిత్యమూ చదువుకున్నాడు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది, సీసా ఆగలేదు. ఏ అమ్మకమైనా సరే, వచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్ళిందని అడగటం విమర్శలో భాగమే అయితే, ఈ పరీక్షలో పంతులుగారికి ఎదురులేదు.

ఇక వైద్యులుగా మేము చూడవలసిన భాగానికి వద్దాము. ఇటువంటి బామ్‌లలో సాధారణంగా ఉండేవి పిప్పరమెంటు సత్తు అయిన మెంథాల్, కర్పూరం, మిథైల్ సాలిసిలేట్ వంటివి. మెంథాల్ నుదుటిని నిజంగా చల్లబరచదు. చలిని గ్రహించే నరాలలో ఒక ద్వారం ఉన్నది. నిజమైన చలి ఎట్లా దానిని తెరుస్తుందో, మెంథాల్ కూడా అట్లాగే తెరుస్తుంది. టీఆర్‌పీఎమ్8 అనే ఈ ద్వారాన్ని 2002లో గుర్తించారు. ఆ పరిశోధన చేసినవారిలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు స్పర్శ, ఉష్ణజ్ఞానాల మీద చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడుకు చల్లదనపు కబురు అందుతుంది, ఒంటి వేడి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఆ కబురు సందడిలో నొప్పి కొంత మరుగున పడుతుంది. రుద్దిన చెయ్యి కూడా కొంత ఉపశమనం ఇస్తుంది. కనుక బామ్ ఇచ్చే సుఖం అబద్ధం కాదు. మామూలు తలనొప్పికి, పని అలసటకు దానిని వాడుకోవటంలో తప్పు లేదు.

తప్పు మరొక చోట మొదలవుతుంది. నొప్పి తగ్గటం వేరు, నొప్పికి కారణం పోవటం వేరు. నేటి టెలివిజన్ ప్రకటనలను వరసగా చూడండి. నుదుటి మీద చెయ్యి, ముడిపడిన కనుబొమలు, ఒక వేలి రాపిడి, వెంటనే నవ్వు. నొప్పి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఆ కథలో చోటే లేదు. ఫలానా జబ్బు నయం చేస్తామని పేరు పెట్టి చెప్పే ప్రకటనలను అరికట్టడానికి భారతదేశంలో 1954లోనే చట్టం వచ్చింది. పేరు చెప్పకుండా నవ్వు చూపితే ఏ చట్టం పట్టుకుంటుంది? 2010లో ఒక హిందీ సినిమా పాటలో జండూ బామ్ పేరు వచ్చినప్పుడు కంపెనీవారు మొదట నోటీసు పంపి, తరువాత ఆ పాటలో ఆడిన నటినే ప్రచారానికి కుదుర్చుకున్నారు. నాడు పాట కచేరీలో సీసా పంచారు, నేడు సీసా పేరే పాటలో దూరింది. నాటి శ్రోత కనీసం రాసుకుని చూశాడు. నేటివాడు వినటంతోనే సరిపెట్టుకుంటున్నాడు.

సిత్రాలో ఈ తేడా ప్రాణానికి సంబంధించినది. 1936 నుండి చమురు శుద్ధి కర్మాగారం పనిచేస్తున్న చోటు ఇది. కర్మాగారాలూ షెడ్లూ ఎన్నో ఉన్నాయి. వేసవి ఎండలో పనిచేసినవానికి వచ్చే తలనొప్పి చాలాసార్లు ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినందున వచ్చేది. వాడు నీడకు చేరాలి, నీళ్ళు తాగాలి. దానికి బదులు నుదుటికి బామ్ రాసుకుని మళ్ళీ పనిలోకి దిగితే, లోపల వేడి పెరుగుతున్నా పైన చల్లగానే ఉంటుంది. తల తిరగటం, వాంతి, మాట తడబడటం కనిపించాయంటే ఇక సీసా మూత తీసే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చే సమయం. ఇళ్ళలో ఉన్నవారికి మరొక మాట. కర్పూరం, మెంథాల్ ఉన్న మందులను చంటిపిల్లల ముక్కు దగ్గర రాయకండి. మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ జాతిదే గనుక పిల్లలు నోట పెట్టుకునే చోట సీసా ఉంచకండి.

మా తీర్పు ఇది. పంతులుగారి నేర్పు మెచ్చదగినది, ఎందుకంటే ఉన్న అవసరాన్ని గుర్తించింది, కొనకముందే పరీక్షించే అవకాశం ఇచ్చింది, లాభాన్ని జాతికి తిరిగి ముట్టజెప్పింది. ఆ నేర్పులో నుండి పరీక్షను తీసివేసి, నవ్వును మాత్రం మిగుల్చుకున్న నేటి ప్రకటన దానికి వారసుడు కాదు.

విమర్శతో పాటు ఒక సూచన కూడా చేస్తాము. ఈ వేసవిలో మన సంఘంవారు కార్మికుల వసతులకు వెళ్ళినప్పుడు ఉపన్యాసం వద్దు. ముందుగా చేతిలో చల్లటి నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ పొట్లం పెట్టండి. వారు తాగిన తరువాత తెలుగులో రెండు వాక్యాల చీటీ ఇవ్వండి: "ఎండలో తలనొప్పి వస్తే నీడకు వెళ్ళు, నీళ్ళు తాగు. తగ్గకపోతే మేస్త్రీకి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళు." నీళ్ళను అమ్మిపెట్టటానికి పులి తల కారూ లేదు, పాటా లేదు. ఆ పని మనమే చేయాలి.