కోస్తా వలస చరిత్ర: ఎవరి కాగితాలు, ఎవరి గొంతులు?

మన చారిత్రక నవలల్లో, నాటకాల్లో తరచు కనబడే లోపమొకటుంది. రచయితకు కోటలు తెలుసు, రాజులు తెలుసు, దొరలూ తెలుసు. కాని ఆ కోటకు పన్ను కట్టినవాడు, ఆ దొర కొన్న బట్ట నేసినవాడు ఎవరో తెలియదు. ఇది ఊహాశక్తి లోపం కాదు, ఆకరాల ఎంపికలో లోపం. ఏ కాగితాన్ని నమ్మి రాస్తామో ఆ కాగితం రాసిన వర్గం చూపే మనకూ అబ్బుతుంది. అందువల్ల ఆకరాల సమస్య చరిత్రకారులకు వదిలేయదగినది కాదు. అది సాహిత్య విమర్శ సమస్య కూడా.

కోస్తా ఆంధ్రకు కాగితాల కొరత లేదు. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో దిగారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. 1753లో ఉత్తర సర్కార్లు ఫ్రెంచి సైన్యం జీతాల నిమిత్తం బుస్సీ చేతికి వచ్చాయి. 1765 ఫర్మానాతో, మరుసటేడు నిజాంతో జరిగిన ఒడంబడికతో అవి ఇంగ్లీషు కంపెనీ పరమయ్యాయి. గుంటూరు సర్కారు 1788లో చేరింది. ప్రతి మార్పూ కట్టలకొద్దీ లెక్కలు మిగిల్చింది. కార్‌మైకేల్ రాసిన విశాఖపట్నం మాన్యువల్ (1869), మోరిస్ గోదావరి వివరణ (1878), మెకంజీ కృష్ణా మాన్యువల్ (1883) నేటికీ పరిశోధకులకు తొలి మెట్లే.

అయితే ఈ గ్రంథాలు ఎందుకు పుట్టాయి? కలెక్టరు కచేరీ అవసరాల కోసం. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలకు పైగా ఉండి, 1841 నాటికి ఐదున్నర లక్షల స్థాయికి దిగజారింది. శిస్తు పడిపోయిన తరువాతనే మాంట్‌గోమరీ విచారణ, 1844లో కాటన్ నివేదిక, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని వచ్చాయి. ఆనకట్ట జనానికి అన్నం పెట్టిందన్నది నిజం. శిస్తు రాబడి తగ్గినందువల్లే అది తలకెక్కిందన్నదీ నిజమే. కాటన్‌ను అపర భగీరథుణ్ణి చేసి ఊరుకున్న రచన ఈ రెండో నిజాన్ని మింగేసింది. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే వలసపాలన అసలు స్వభావం తెలుస్తుంది.

ఇంగ్లీషు కాగితాలను పక్కనబెట్టి తెలుగు ఆకరాలు పట్టుకుంటే చాలుననుకోవడం కూడా పొరపాటే. కాలిన్ మెకంజీ సేకరణలోని కైఫియత్తులు అమూల్యమైనవి. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల శ్రమ లేకుంటే ఆ సేకరణే లేదు. కాని గ్రామాల్లో సమాచారం చెప్పినవారిలో కరణాలు, దేవాలయాల అర్చకులు ముఖ్యులు. ఈనాం హక్కు నిలబెట్టుకోవాలన్న తపన ఆ పుటల్లో దాగదు. దండకవిలె కరణం ఇంటిది. మాలపల్లెకు దండకవిలె లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర సంగతీ అంతే. 1830-31లో ఆయన మద్రాసు నుంచి కాశీకి వెళ్లి, తిరుగు ప్రయాణంలో కోస్తా మీదుగా వచ్చారు. బాటలు, ఊళ్లు, వసతులు, ఆచారాలు రాసుకున్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ కనుక కంపెనీ ఏలుబడి పట్ల గౌరవం ఆయనకు సహజం. ఆయన దాటివెళ్లిన మరుసటి ఏడే నందన కరువు (1832-33) మొదలైంది. గుంటూరు ప్రాంత జనంలో మూడోవంతుకు అటూ ఇటూ నశించారు. ఆ గ్రంథాన్ని ఈ కరువు లెక్కల పక్కన పెట్టి చదవాలి. పల్లకీలోంచి కనబడిన ఊరేది, బోయీ భుజానికి తెలిసిన ఊరేది అని అడగాలి.

బొబ్బిలి యుద్ధం (1757) మరో పాఠం. జానపద కథలో పరువు ముందుంటుంది. కంపెనీ చరిత్రకారుడు ఓర్మ్ రచన ఆ యుద్ధాన్ని బుస్సీ దండయాత్రలో ఒక ఘట్టంగా చూస్తుంది. ఆ దండయాత్ర వెనక ఉన్నది జమీందార్ల నుంచి రావలసిన పేష్కషు. కథ మనకు వీరుణ్ణిచ్చింది, బకాయిని మరుగుపరచింది. విమర్శకుడు కథను తృణీకరించనక్కరలేదు. జనం దేన్ని గుర్తుంచుకున్నారో కూడా చరిత్రే. కాని మరచిపోయిందేమిటో చెప్పే బాధ్యత అతనిది.

ఇంకొక ఆకరం మన తీరానికి దూరంగా ఉంది. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు కూలీలు తరలిపోయారు. అక్కడి తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. మారిషస్‌లో భద్రపరచిన వలస రిజిస్టర్లలో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు నమోదై ఉన్నాయి. తరువాతి కాలంలో ఫొటోలూ చేరాయి. తోటల యజమానుల అదుపు కోసం పుట్టిన పుస్తకమే అది. అయినా కైఫియత్తుల్లో చోటు దొరకని మనిషికి పేరు అక్కడ దొరుకుతుంది. పాలకుడి పుస్తకాన్నే పాలితుడి పక్షాన చదవడమంటే ఇదే.

కనుక సాహిత్య విద్యార్థులు ప్రతి ఆకరాన్నీ మూడు ప్రశ్నలడగాలి. రాసినదెవరు? ఎవరి అవసరానికి? అందులో మాట్లాడనిది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు ఒక్క గ్రంథాలయంలో దొరకదు. మాధవాయిపాలెం బట్ట పేరు విదేశీ బజారుల్లో నిలిచింది, నేసినవారి పేర్లు నిలవలేదు. ఉప్పు కొఠార్ల దగ్గర, పల్లెకారుల పేటల్లో, మగ్గం గుంటల దగ్గర వినవలసింది ఇంకా ఉంది. విన్నదాన్ని కాగితంతో సరిచూడాలి. కాగితాన్ని విన్నదానితో నిలదీయాలి. అంత శ్రమ పడని చారిత్రక రచన ఎంత అభ్యుదయ నినాదం చేసినా దొర డైరీకి తెలుగు నకలుగానే మిగులుతుంది.