పవర్ పెంచు బాబూ!

ఫిల్మ్‌నగర్‌లో ఏ షూటింగ్‌కి వెళ్లినా మానిటర్‌లో బొమ్మ కాస్త తునకలైతే చాలు, వెనక నుంచి ఒక కేక: ‘‘పవర్ పెంచు బాబూ!’’ వైర్‌లెస్ చూసుకునే కుర్రాడు తలూపుతాడు. పని తెలిసినవాడైతే పెంచడు. వెళ్లి యాంటెనాని స్టాండ్ మీద తలలకంటే ఎత్తుకి ఎక్కిస్తాడు. మనిషి ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్లే, తరంగాల్ని ఇట్టే పీల్చేస్తాయి. యూనిట్ అంతా కెమెరాకి అడ్డంగా నిలబడితే పవర్ ఏం చేస్తుంది?

అన్నపూర్ణ స్టూడియోస్ తెరుచుకున్న 1976లో ఈ గొడవే లేదు. కెమెరామన్ ఓకే అంటే ఓకే. ఇప్పుడు ఫోకస్ పుల్లర్ మానిటర్ చూస్తూనే లెన్స్ ఫోకస్ సరిచేసే చక్రం తిప్పుతున్నాడు. సెకనుకి 24 ఫ్రేములంటే ఒక్కోదానికి 42 మిల్లీసెకన్లు కూడా లేదు. నా లెక్కలో అతనికి ఆలస్యంగా వచ్చిన బొమ్మ, అసలు రాని బొమ్మకంటే ప్రమాదం: హీరో అడుగు ముందుకేసేశాడు, చక్రం ఇంకా పాత చోటే ఉంది. పోయిన ముక్కని మళ్లీ తెప్పించుకునే వ్యవధి లేదు. ఆ లింకుకి పవర్ ధారాళంగా ఇవ్వాల్సిందే.

అదే బొమ్మ మేకప్ వాళ్ల ట్యాబ్‌కి అర సెకను ఆగి చేరితే కొంప మునగదు. ఎడిటింగ్‌కి పోయే ఫైళ్లు రాత్రంతా నిదానంగా వెళ్లొచ్చు. నిదానంలో ఆదా కూడా ఉంది. అదే బ్యాండ్‌లో డేటా వేగం రెట్టింపు కావాలంటే రెట్టింపు పవర్ చాలదు, అంతకు మించి పొయ్యాలి. గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లోనే తేల్చిన లెక్క ఇది.

మైకుల దగ్గర మరీ తమాషా. నడుముకి కట్టే ట్రాన్స్‌మిటర్‌ని 10 మిల్లీవాట్ల నుంచి 50కి తిప్పితే పవర్ అయిదింతలు. అందే దూరం మాత్రం, ఏ అడ్డూ లేకపోయినా, రెండింతలకి కాస్త ఎక్కువ. బ్యాటరీలు ఊరికే అయిపోతాయి. పైగా హీరో హీరోయిన్లు కౌగిలించుకున్నప్పుడు రెండు ట్రాన్స్‌మిటర్లూ ఆనుకుని, రెండు ఫ్రీక్వెన్సీలూ కలిసి మూడోదాన్ని పుట్టిస్తాయి. అది పోయి తండ్రి పాత్ర మైకు మీద పడిందా, డైలాగ్ గోవిందా! రెండిట్లోనూ పవర్ ఒక్క డెసిబెల్ తగ్గిస్తే ఆ మూడోది మూడు డెసిబెల్స్ దిగుతుంది. అంతా డబ్బింగ్‌లో చూసుకుందాంలే అనుకున్నన్నాళ్లూ ఇవేవీ పట్టలేదు. షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఎవరి బొమ్మ ఎంతసేపు ఆగగలదో షూటింగ్‌కి ముందే రాసి పెట్టుకోవాలంటాను. మొదట ఫోకస్ పుల్లర్, అట్టడుగున నిర్మాతగారి అతిథుల మానిటర్. ఆ కాగితం నిర్మాతగారికి చూపించే ధైర్యం ఎవరికుందన్నది వేరే సంగతి.