పుల్లరి, చిలుక, సింహాసనం: యుద్ధ బాధ్యతను గురించి నెల్లూరు సీమ సాహిత్యం

రాజ్యాన్ని యుద్ధంలోకి దింపినవారు ఆ యుద్ధానికి జవాబు చెప్పుకోవాలా? ఈ ప్రశ్నను మనం సాధారణంగా రాజనీతిశాస్త్రానికో, అంతర్జాతీయ న్యాయశాస్త్రానికో వదిలేస్తాం. తెలుగు యుద్ధసాహిత్యం మీద వచ్చిన విమర్శ చాలావరకు వీరరసపోషణ, పాత్రచిత్రణ, చారిత్రకత, గానసంప్రదాయం అనే హద్దుల్లోనే సాగింది. ఎవరు ఎంత గొప్పగా పోరాడారో, ఎవరు ఎలా నేలకొరిగారో వివరంగా చెప్పుకున్నాం. ఎవరు పంపితే వెళ్లారన్నది మాత్రం కథాసంగ్రహంలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. ఆ వాక్యం దగ్గర ఆగి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకే సీమకు, దాదాపు ఒకే కాలానికి ముడిపడిన రెండు సాహిత్య సంప్రదాయాలు యుద్ధ బాధ్యతను పూర్తిగా వేర్వేరు చోట్ల నిలిపాయని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

ఆ సీమ నెల్లూరు. నెల్లూరు నుంచి గూడూరు వైపు సాగే జాతీయ రహదారి మీది మనుబోలు మొదలుకొని ఉత్తరాన కనిగిరి బీళ్ల దాకా, పశువులూ పచ్చికా బతుకుతెరువైన నేల ఇది. మనుబోలు పేరులోని ‘మను’ శబ్దాన్ని మనుమసిద్ధితో ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పేర్ల పోలిక మీద చరిత్రను కట్టడం ఈ వ్యాసానికి అవసరం లేదు. 13వ శతాబ్దిలో విక్రమసింహపురి నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన తెలుగు చోళ ప్రభువు మనుమసిద్ధి అన్నదీ, ఆయన కొలువులో తిక్కన మంత్రి అన్నదీ మనకు చాలు. కాటమరాజు కథల్లోని నల్లసిద్ధి రాజును చరిత్రకారులు ఈ మనుమసిద్ధితోనే సమన్వయించారు.

కాటమరాజు కథాచక్రం తెలుగు వీరగాథల్లో ఎంత విస్తృతమైనదో తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన సంపుటాలు చూసినవారికి తెలుసు. పాఠాలు అనేకం, కొమ్మువారి గానంలో ఒక్కొక్క ఘట్టం ఒక్కొక్క విధంగా పెరుగుతుంది. అయినా యుద్ధకారణం విషయంలో ప్రసిద్ధ కథనం స్థూలంగా ఇది. కరువు తరిమితే కాటమరాజు ఆలమందలతో నెల్లూరు రాజు బీళ్లకు వస్తాడు. మేపుకు బదులుగా పుల్లరి ఇవ్వడానికి ఒప్పందం కుదురుతుంది. రాజు ఉంపుడుగత్తె పెంపుడు చిలుక గొల్లల చేతిలో చనిపోతుంది. ఆమె పగబట్టి అడవి మనుషుల చేత ఆవులను చంపిస్తుంది. ఆవులకు రక్షణ లేనిచోట పుల్లరి ఎందుకివ్వాలని కాటమరాజు ఎదురు తిరుగుతాడు. రాయబారాలు విఫలమవుతాయి. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర ఇరుపక్షాలూ నశిస్తాయి.

కాటమరాజు వాదంలో ఒక స్పష్టమైన రాజనీతి సూత్రం ఉంది. పన్ను రక్షణకు ప్రతిఫలం. రక్షణ తప్పినవాడికి పన్ను అడిగే హక్కు లేదు. ఇది రాజును సూటిగా నిలదీసే మాట. కానీ గాథ ఈ మాటను పక్కకు తప్పించి చిలుకను ముందుకు తెస్తుంది. శ్రోత మనసులో నిలిచేది చిలుక, ఆ చిలుకను పెంచిన స్త్రీ. ఆవులు చచ్చిన సంగతి తెలిశాక రాజు విచారణ జరిపించాడా? నష్టం కట్టించాడా? పుల్లరి కోసం సేనను కదిలించమన్న ఉత్తరువు ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబులన్నీ సింహాసనం వైపే చూపిస్తాయి. గాథ వాటిని అడగకుండా దాటిపోతుంది. (పుల్లరి అన్న మాటకు ఈ దేశంలో ఆయుష్షు ఎక్కువ. 1922లో పల్నాటి పుల్లరి పోరాటంలో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు కోల్పోయిందీ దీనికోసమే. అప్పుడు మాత్రం బాధ్యుడెవరన్న విషయంలో జనానికి సందేహం లేకపోయింది. మధ్యలో చిలుక లేదు.)

పల్నాటి కథలోనూ పద్ధతి ఇదే. కోడిపందెం, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం, అలరాజు మీద విషప్రయోగం: కారణాలు వరసగా పేరుస్తారు. రాజ్యం తిరిగి ఇవ్వనన్నది నలగామరాజు. చివరకు సంప్రదాయ కథనం ప్రకారం, కారెంపూడి రణరంగంలో అంత రక్తం పారాక, బ్రహ్మనాయుడు మళ్లీ ఆ నలగామరాజునే గద్దె మీద కూర్చోబెడతాడు. అపకీర్తి నాగమ్మకు మిగిలింది, రాజ్యం నలగామరాజుకు దక్కింది. దీన్ని బ్రహ్మనాయుడి ఔదార్యంగా మెచ్చుకున్న విమర్శ ఉంది. నాకది ఔదార్యం కంటే లెక్క తేల్చకుండా మూసిన ఖాతాలాగా కనిపిస్తుంది.

ఖడ్గతిక్కన వృత్తాంతం దగ్గర ఈ విషయం మరీ పదునెక్కుతుంది. కవి తిక్కనకు పెదతండ్రి కొడుకైన ఈ సేనాని కాటమరాజుతో పోరులో సైన్యం దెబ్బతిన్నాక ఇంటికి తిరిగి వస్తాడు. భార్య చానమ్మ స్నానానికి నులకమంచం చాటుపెట్టి పసుపుముద్ద ఉంచుతుంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డిస్తుంది. అతడు సిగ్గుపడి మళ్లీ వెళ్లి రణంలో మరణిస్తాడు. ఈ ఘట్టం మీద చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిని ఉదాహరించి తెలుగు వీరమాతను, వీరపత్నిని కీర్తించని సాహిత్య చరిత్ర అరుదు. ఆ కీర్తనను ఒక్క క్షణం పక్కనపెట్టి ఘట్టం నిర్మాణం చూడాలి. ఇక్కడ విచారణ జరిగింది. నేరారోపణ ఉంది, సాక్ష్యం ఉంది, శిక్ష కూడా ఉంది. అయితే బోనులో నిలబడింది యుద్ధం నుంచి ప్రాణాలతో వచ్చినవాడు. యుద్ధానికి పంపినవాడు ఆ వాకిట్లోకి రానే రాలేదు. పాలు విరగడానికి కారణం సేనాని పిరికితనమేనని ఇల్లు తీర్పు చెప్పింది. పశువుల మేత పన్ను కోసం ఒక కుటుంబం కొడుకును ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్న ఆ పద్యాల్లో పుట్టే వీలే లేదు. మన విమర్శ కూడా ఆ తీర్పు మీదనే చేవ్రాలు పెట్టింది.

ఇప్పుడు అదే ఇంటివాడైన కవి దగ్గరకు వద్దాం. మనుమసిద్ధి తనను ‘మామా’ అని పిలిచేవాడని నిర్వచనోత్తర రామాయణం అవతారికలో తిక్కన చెప్పుకున్నాడు. రాజ్యం పోగొట్టుకున్న ప్రభువు తరఫున ఓరుగల్లుకు వెళ్లి గణపతిదేవుని సాయం అర్థించాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అంటే రాయబారమంటే ఏమిటో ఎరిగిన కవి. ఆయన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెలుగు చేసి, రాజుకు కాక హరిహరనాథునికి అంకితమిచ్చాడు. ఈ జీవితవివరాల నుంచి కవి అభిప్రాయాలను నేరుగా పిండుకోవడం సరికాదు. కానీ ఆయన తెనిగించిన కథలో యుద్ధ బాధ్యత ఎక్కడ నిలిచిందో చూడవచ్చు.

ఉద్యోగపర్వంలో కౌరవసభ ఒకరకంగా న్యాయస్థానమే. శ్రీకృష్ణుడు సంధి ప్రతిపాదన చేస్తాడు, భీష్మ ద్రోణ విదురులు సమర్థిస్తారు, దుర్యోధనుడు తిరస్కరిస్తాడు. ఆ తిరస్కారం తర్వాత శ్రీకృష్ణుడు ఇచ్చే సలహా మన వ్యాఖ్యానాల్లో తగినంత గుర్తింపు పొందలేదు. కులం కోసం ఒకణ్ణి విడవవచ్చుననే నీతిని ఆధారం చేసుకొని, దుర్యోధనాదులను బంధించి పాండవులకు అప్పగించమంటాడు. యుద్ధం మొదలవక ముందే, యుద్ధానికి పట్టుబట్టిన నాయకుణ్ణి అధికారం నుంచి తొలగించి అప్పగించడం ఒక ధర్మమార్గమని నిండుసభలో పలికిన మాట ఇది. ఆ తర్వాత గాంధారిని సభకు పిలిపిస్తారు. ఆమె కొడుకును మందలిస్తుంది. అంతకు ముందే భర్త వైపు తిరిగి, కొడుకు పాపబుద్ధి తెలిసీ వాడి దారిన నడిచిన నీవే ఇందులో ఎక్కువ నిందార్హుడవని చెబుతుంది. యుద్ధోన్మాదం దుర్యోధనుడిది, అయితే సింహాసనం ధృతరాష్ట్రుడిది. గాంధారి వేలు సింహాసనం వైపు చూపింది.

యుద్ధపర్వాల కథనశిల్పం కూడా ఈ ఆరోపణ మీదే ఆధారపడింది. యుద్ధవార్త మొత్తం సంజయుడు ధృతరాష్ట్రుడికి వినిపించేది. రాజు ఏడ్చినప్పుడల్లా సంజయుడు ఓదార్పుతో సరిపెట్టడు. ఇది నీ తప్పిదం ఫలమని గుర్తుచేస్తాడు. నీళ్లు పోయాక కట్ట వేయడం వంటిది ఈ విచారమన్న ఉపమానం ద్రోణపర్వ మూలంలో ఉంది. ప్రతి మరణవార్తనూ అందుకు కారకుడైన పాలకుడే కూర్చొని వినవలసి రావడం కంటే కఠినమైన జవాబుదారీ ఏ కావ్యంలో ఉంది? నెల్లూరు కథలో పంచలింగాల వార్త విన్న రాజు ముఖం మనకు కనిపించదు. భారతంలో మనం దాదాపు మొత్తం యుద్ధాన్ని రాజు చెవులతోనే వింటాం.

ఇదంతా వ్యాసుడి ఆలోచనే కదా, తిక్కనకు ఎలా కట్టబెడతారన్న అభ్యంతరం సమంజసమైనదే. దీనికి నా సమాధానం అనువాదంలోని పాళ్లకు సంబంధించినది. యుద్ధం చేయడానికి తాత్త్విక సమర్థన ఇచ్చే భగవద్గీతను తిక్కన బాగా సంక్షేపించాడు. రాయబార ఘట్టాన్ని మాత్రం పాత్రల సంభాషణలతో నిండుగా నిలిపాడు. నాటకీయత ఆయన స్వభావం కాబట్టి అలా చేశాడని చెప్పవచ్చు, అది నిజమే. కానీ ఫలితాన్ని చూడాలి. యుద్ధం ఎందుకు చేయవచ్చునన్న భాగం తెలుగులో చిన్నదైంది; యుద్ధాన్ని ఎవరు ఆపగలిగీ ఆపలేదన్న భాగం పెద్దదిగా నిలిచింది.

తర్వాతి కాలపు రంగస్థలం ఈ పాళ్లను మళ్లీ మార్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు కోస్తా పల్లెల్లో రాత్రంతా ఆడే నాటకాలయ్యాక, రాయబారం పద్యపఠన పోటీగా మారింది. దుర్యోధనుడి పద్యానికీ శ్రీకృష్ణుడి పద్యానికీ ఒకే చప్పట్లు, ఒకే ‘వన్స్ మోర్’. రాగం కోసం రెండుసార్లు పాడించుకునే సభలో అభియోగపత్రం వినిపించడం కష్టం. ఆ నాటకాల సాహిత్య విలువను తక్కువ చేయడం లేదు, వాటి పద్యాలు నాకూ ఇష్టమే. కానీ రాయబారమనగానే మనకు గుర్తొచ్చేది గొంతు తప్ప గాంధారి మాట కాకపోవడానికి ఒక కారణం అక్కడుంది.

స్త్రీపర్వం దగ్గర ప్రశ్న ఇంకా లోతుకు వెళుతుంది. రణభూమిలో శవాల మధ్య నిలబడి గాంధారి శ్రీకృష్ణుణ్ణి అడిగేది ఒక్కటే: సమర్థుడవై ఉండీ ఈ నాశనాన్ని ఎందుకు ఉపేక్షించావు? సమర్థత ఉంటే బాధ్యత ఉంటుందన్నది ఆమె కొలబద్ద. ఆ కొలబద్దతోనే 36వ ఏట నీ కులం నీ కళ్లముందే నశిస్తుందని శపిస్తుంది. మౌసలపర్వంలో అది నిజమవుతుంది.

ఈ కొలబద్దను ఆధునిక న్యాయంతో పోల్చి చూడాలి. 1945–46 న్యూరెంబర్గ్ విచారణలో శాంతికి వ్యతిరేకంగా నేరం అనే అభియోగం కింద దురాక్రమణ యుద్ధానికి పథకం వేసిన నాయకులను వ్యక్తులుగా శిక్షించారు. టోక్యో విచారణలోనూ అదే అభియోగం. అక్కడ 1948లో జస్టిస్ రాధావినోద్ పాల్ అసమ్మతి తీర్పు రాసి నిందితులందరినీ నిర్దోషులుగా తేల్చాడు; అటువంటి నేరం అప్పటికి అంతర్జాతీయ న్యాయంలో లేదన్నది, విజేతలు ఓడినవారిని మాత్రమే విచారిస్తున్నారన్నది ఆయన అభ్యంతరాల్లో ప్రధానం. 2010లో కంపాలాలో నిర్వచించిన దురాక్రమణ నేరం మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానం అధికార పరిధి 2018 జూలై 17 నుంచి అమలులోకి వచ్చింది. భారతదేశం ఆ ఒడంబడికలో సభ్యదేశం కాదు. ఆ నిర్వచనం ప్రకారం, రాజ్యపు రాజకీయ లేదా సైనిక చర్యలను వాస్తవంగా అదుపుచేయగల, నడిపించగల స్థానంలో ఉన్నవారికే ఈ నేరం వర్తిస్తుంది. ఖడ్గతిక్కనను ఈ న్యాయస్థానం పిలవలేదు, రాజునే పిలవాలి. ధృతరాష్ట్రుడు నేను యుద్ధం కోరలేదంటే తప్పించుకోగలడా అన్నది న్యాయవాదులు వాదించుకోదగిన విషయం. గాంధారి కొలబద్ద ఇంతకంటే వెడల్పయినది: నడిపినవాడినే కాక, ఆపగలిగీ ఊరకున్నవాడినీ అది పట్టుకుంటుంది.

పాల్ లేవనెత్తిన లోపానికి భారతంలో ఒక ఎదురు ఉదాహరణ ఉంది. శాంతిపర్వారంభంలో బోనెక్కేది విజేత. రాజ్యలోభం వల్ల బంధువులను చంపించానని ధర్మరాజు తనమీద తానే అభియోగం మోపుకుంటాడు. కర్ణుడి విషయం తెలిశాక ఆ దుఃఖానికి అంతులేదు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, శ్రీకృష్ణుడు వాదించి వాదించి ఆయన్ని రాజ్యానికి ఒప్పిస్తారు. అశ్వమేధం ప్రాయశ్చిత్తంగా నిర్ణయమవుతుంది. ప్రాయశ్చిత్తం చేసుకొని రాజ్యం ఏలడం చాలా సౌకర్యమైన శిక్ష కదా అనవచ్చు. నలగామరాజుకు ఆ మాత్రం కూడా లేకపోయింది.

కాటమరాజు గాథలను పాడినవారు ఏలికలు కారు; పశువులనూ శ్రమనూ నమ్ముకున్న కులాల మధ్య బతికిన గాయకులు. అలాంటివారి నోట రాజు మీద నింద ఎందుకు పలచబడింది? రాజుల సీమలో తిరిగి పాడుకోవలసిన అవసరమా, వీరపూజ కోసం ఇరుపక్షాలనూ గౌరవంగా నిలపవలసిన ఆచారమా? ముద్రితపాఠాల్లో పుల్లరి వాదం విడిగా ఎక్కడెక్కడ వస్తుందో, ఏ పాఠంలో చిలుక ముందుకొస్తుందో, ఏ పాఠంలో రాజు సభ ముందుకొస్తుందో వరసపెట్టి చూడాలి. ఖడ్గతిక్కన పద్యాలను ఉదాహరించేటప్పుడు కనీసం ఆ రోజు కొలువులో ఉత్తరువు ఇచ్చిన ప్రభువు పేరు పక్కన రాయాలి. గాంధారి శాపం విన్న శ్రీకృష్ణుడు కూడా, మూలంలో, ఊరుకోలేదు. నీ కొడుకు దుష్టుడని తెలిసీ మెచ్చుకున్నావు, నీ తప్పును నా మీద ఎందుకు మోపుతావని ఆమెనే తిరిగి అడిగాడు. శాపాన్ని మాత్రం కాదనలేదు.