రెండు దారులు, ఒకే హానా

"అప్పుడు అలా కాకుండా ఇలా చేసి ఉంటే?" అన్న ప్రశ్న చుట్టూ అల్లిన కథలంటే నాకు బలహీనత. చాలా ఏళ్ళ క్రితం వేరే ఊళ్ళో వచ్చిన ఉద్యోగం వద్దనుకున్నాను. ఆ ఊరి పేరు ఎక్కడైనా వినబడితే ఇప్పటికీ చెవులు అటే పోతాయి. అందుకే టైలర్ జెంకిన్స్ రీడ్ నవల 'మేబీ ఇన్ అనదర్ లైఫ్' (2015) గురించి తెలియగానే కొనేశాను. రెండు రాత్రుల్లో చదివేశాను కూడా. చదివించే గుణానికేం లోటు లేదు. చిక్కంతా పుస్తకం మూశాక మొదలైంది. (కథ మొత్తం చెప్పేస్తున్నాను. చదవదలుచుకున్నవాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు.)

హానా మార్టిన్‌కి 29 ఏళ్ళు. ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉన్న మనిషి కాదు. న్యూయార్క్‌లో ఒక పెళ్ళైనవాడితో వ్యవహారం తెంచుకుని, లాస్ ఏంజెలెస్‌లో ఉన్న ప్రాణస్నేహితురాలు గాబీ దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడొక బార్‌లో పాత ప్రేమికుడు ఈథన్ కలుస్తాడు. గాబీతో ఇంటికెళ్ళాలా, ఈథన్‌తో ఉండిపోవాలా? అక్కణ్ణుంచి కథ రెండు పాయలు, ఒక అధ్యాయం ఇటు, ఒకటి అటు. గాబీతో బయల్దేరిన హానాని కారు గుద్దుతుంది, ఆసుపత్రిలో నర్సు హెన్రీ పరిచయమవుతాడు. ఉండిపోయిన హానాకి ఈథన్ దక్కుతాడు, కానీ తను గర్భవతినని తెలుస్తుంది. ఆ బిడ్డకి తండ్రి న్యూయార్క్ మనిషి.

ఈ ఎత్తుగడలో ఎంత బలముందో చూడండి. ప్రమాదం జరిగిన పాయలో ఆ గర్భం పోతుంది. గర్భమని హానాకి తెలిసేదే అది పోయాక. అటుపక్క పాయలో అదే బిడ్డ కోసం ఇంకో హానా ఎదురుచూస్తూ ఉంటుంది. పాఠకుడికి రెండూ తెలుసు. అంటే ఆసుపత్రి అధ్యాయం తెరిచిన ప్రతిసారీ గుండె కలుక్కుమనాలి. నాకు అనలేదు. ఎందుకంటే రచయిత్రి ఆ దుఃఖం దగ్గర ఎక్కువసేపు నిలబడదు. కాస్త కన్నీళ్ళు పెట్టించి, హెన్రీ మంచితనం మీదికీ హానాకి ఇష్టమైన సినమన్ రోల్స్ మీదికీ మళ్ళిస్తుంది. (ఆ రోల్స్ గురించి ఇన్నిసార్లు చదివాక నాకు ఇడ్లీ మీద గౌరవం పెరిగింది.) చివరికి ఈ హానాకి హెన్రీ, ఆ హానాకి బిడ్డా ఈథనూ. ఇద్దరూ సుఖం. జరిగిందంతా మంచికే అన్నట్టు ముగుస్తుంది.

మనవాళ్ళు ఈ మాటని "రాసిపెట్టి ఉంది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. దానికి రెండు జీవితాలు అక్కర్లేదు. పైగా కారు గుద్దడం హానా నిర్ణయం కాదు కదా! నాకు కనబడ్డ అసలైన నిర్ణయం, ఈథన్ వెనక్కి తగ్గినా బిడ్డని కనాలనుకోవడం. అక్కడ మాత్రం కాసేపు నవలకి ప్రాణం వచ్చింది.

కీష్లోవ్‌స్కీ 'బ్లైండ్ ఛాన్స్' గుర్తొచ్చింది. 1981లో తీస్తే సెన్సారు కారణంగా పోలెండ్‌లో 1987దాకా విడుదల కాలేదు. విటెక్ అనే కుర్రాడు రైలు కోసం పరిగెత్తుతాడు. ఒక కథలో పార్టీ మనిషి అవుతాడు, ఇంకోదాంట్లో ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్ళతో చేరతాడు, మూడోదాంట్లో ఏ పక్కా చేరని డాక్టరు. మూడూ అతనే అని నమ్ముతూనే, వాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడితే ఏమైపోతారో అని భయమేస్తుంది. రొమాన్సు నవలని ఆ సినిమాతో పోల్చడం అన్యాయమే అనుకోండి. కానీ ఇద్దరు హానాలనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో స్నేహితులైపోతారు. ఒకరిని చూసి ఒకరు అసూయపడరు కూడా. నాకు లోటనిపించింది అదే.

గాబీ మాత్రం నచ్చింది. రెండు పాయల్లోనూ ఆమె భర్త మార్క్ మోసం చేస్తాడు. ఆమె బార్ నుంచి ఎవరితో ఇంటికెళ్ళినా అది తప్పదు. వేరే దారి ఏదీ ఇవ్వకుండా రచయిత్రి నిలబెట్టిన మనిషి ఆమె ఒక్కతే. హానాతో ఆమె స్నేహం ఉన్న పేజీలన్నీ బావున్నాయి. ఎన్నేళ్ళ కిందట ఎక్కడ తప్పటడుగు వేశానని గాబీ తనని తాను అడుగుతుందేమోనని నేను చివరిదాకా చూశాను.